కాగని నూనె

పంజగుట్టలోని ఒక పెద్ద వాణిజ్య భవనం అడుగున, మూడో అంతస్తు పార్కింగ్‌లో, పోయిన నెల నా బండి వైపు నడుస్తూ ఆగిపోయాను. ఎవరో పెద్దాయన పాత కారును రెండు స్తంభాల మధ్య నుంచి బయటికి తీయడానికి అవస్థ పడుతున్నాడు. స్టీరింగ్‌ను కుడివైపు చివరిదాకా తిప్పేసి, ఇంకా ఏమైనా తిరుగుతుందేమోనని బలవంతంగా లాగుతున్నాడు. బానెట్ లోపలి నుంచి సన్నటి మూలుగు వచ్చింది. తిరగాల్సినంత తిరిగాక కూడా వదలకపోతే, పోవడానికి దారి దొరకని నూనె చేసే చప్పుడది. దాని వెనకే వేడి నూనె వాసన. నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, గాలిలో దేనిమీదో ఆనించబోతున్నట్టు. "ఏమైంది సార్, కళ్ళు తిరుగుతున్నయా?" అని వాచ్‌మన్ అడిగాడు. ఏం లేదన్నాను. ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి వెళితే, ఆ చోట రాయి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఈ భవనం కోసం ఆ రాతిని పగలగొట్టి గొయ్యి తవ్వుతున్నప్పుడు, అందులో తిరిగిన డంపర్లకు స్టీరింగ్ పరీక్ష చేసింది మేమే. మేమంటే మహబూబ్ ఉస్తాద్, నేను. ఉస్తాద్ గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఆయన పనితనం దాకా బాగానే సాగేది. నా వంతు వచ్చేసరికి కాగితం మడిచేసేవాణ్ణి. ఈసారి మడవను.

మాది అమీర్‌పేటలో గుండీలు, లేసులు, అస్తరు బట్టలు అమ్మే చిన్న దుకాణం. మా వీధిలో పిల్లలకు మాటల కన్నా ముందు బేరం వచ్చేది. "వంద అన్నవనుకో, గిరాకి ఎనభైకి అడుగుతడు. తొంభై ఏడు అను. లెక్కగట్టి చెప్తున్నవనుకుంటడు," అని మా నాన్న నాకు ఎనిమిదేళ్ళప్పుడే నేర్పాడు. గుండు అంకెను ఎవడూ నమ్మడు, చిల్లర అంకెను అందరూ నమ్ముతారు. ఈ ఒక్క సూత్రంతో నేను డిగ్రీ దాకా నెట్టుకొచ్చాను. మార్కులు తక్కువ వేసిన లెక్చరర్ ఇంటికి వెళ్ళి బేరమాడాను. పంటి డాక్టరు దగ్గర ఒక పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, రెండు పీకితే ఎంతకిస్తావని అడిగిన వాణ్ణి. ఆ రెండో పన్ను మంచిదే. అయినా బేరం కుదిరింది కదా అని పీకించుకున్నాను.

ఉస్తాద్ బొగ్గు గనుల్లో డంపర్ల మధ్య ముప్ఫై ఏళ్ళు పనిచేసి, రిటైరై, పంజగుట్ట వెనక సందులో ఒక రేకుల షెడ్డు పెట్టుకున్నాడు. చేతి పని తెలిసినవాడే కాని, యజమానులతో మాట్లాడటం తెలియదు. ఎవరేమన్నా "అచ్ఛా సాబ్" అనేవాడు. ఆయన భార్య మా దుకాణంలో లేసులు కొనడానికి వచ్చి ఈ సంగతి చెబితే, మా నాన్న అక్కడికక్కడే ఒప్పందం కుదిర్చేశాడు. "పని ఉస్తాద్‌ది, మాట మావోనిది." అలా నేను ఆయన షెడ్డుకు నోరునయ్యాను. మొదటిరోజే ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "సేఠ్ వచ్చిండు," అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు.

అవి అమీర్‌పేటలో గోడ కనిపించని రోజులు. ప్రతి గోడ మీదా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. ఏ జిల్లా నుంచి బస్సు దిగినా కుర్రాళ్ళు భుజాన సంచితో అక్కడికే వచ్చేవారు. వాళ్ళు రేపు కూర్చోబోయే ఆఫీసుల కోసం ఊరు ఊరంతా బండలు పగులుతుండేవి. పంజగుట్ట గొయ్యి అలాంటిదే. పగలు లారీలను రోడ్డెక్కనివ్వరు కాబట్టి, గొయ్యిలో పేల్చిన రాతిని డంపర్లు మట్టిదారి మీదుగా పైకి మోసి, పక్కనున్న ఖాళీ జాగాలో కుప్పపోసేవి. ఆ డంపర్లన్నీ ప్రసాదరావు గారివి. ఆయనది కోస్తా జిల్లా, ఆఫీసు సోమాజిగూడలో. మనిషి మర్యాదస్తుడే, గడియారం మాత్రం ఎప్పుడూ ఆయన ముందు పరుగెత్తుతూ ఉండేది.

డంపర్ సంగతి తెలియనివారికి ఒక మాట. డ్రైవర్ చేతిలోని స్టీరింగ్‌కూ ముందు చక్రాలకూ మధ్య మన పాత లారీల్లోలాగా ఇనుప కడ్డీల బంధం ఏమీ ఉండదు. గొట్టాల్లో నూనె ఉంటుంది, అంతే. పంపు ఆ నూనెను గట్టిగా తోస్తే చక్రం తిరుగుతుంది. తోయలేకపోతే డ్రైవర్ పట్టుకున్నది జాతరలో కొన్న బొమ్మకారు స్టీరింగే. అందుకని పంపు ఎంత బలంగా తోస్తుందో గేజి తగిలించి చూడాలి. స్టీరింగ్‌ను ఎడమ చివరికి తిప్పి పట్టుకుని ఒకసారి, కుడి చివరికి తిప్పి పట్టుకుని ఒకసారి ముల్లు చదవాలి. ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టాలి. ముల్లు తక్కువ చూపిస్తే వాల్వు మీది బిగింపు వదులుచేసి, మరను పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. ఇదంతా నూనె కాగిన తర్వాతే. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది, అరిగిపోయిన పంపు కూడా దాన్ని బాగానే తోస్తుంది. వేడెక్కి పలచబడితే అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. "చల్ల నూనె పెండ్లిచూపులకు వచ్చిన పిలగాని లెక్క, సేఠ్," అనేవాడు ఉస్తాద్. "మస్తు మంచిగ కూసుంటది. వేడెక్కినంక తెలుస్తది దాని సంగతి."

నూనె కాగడానికి నలభై నిమిషాలు పట్టేది. ఇంజను నడుస్తుండగా స్టీరింగ్‌ను అటూ ఇటూ చివరిదాకా తిప్పుతూ ఉండటమే పని. నాకు ప్రాణం పోయేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఇరవై నిమిషాలు సాలదా ఉస్తాద్?" అన్నాను.

"నన్నెందుకు అడుగుతవ్? నూనెను అడుగు. ఒప్పుకుంటే నాకేం."

"పోనీ ముప్ఫై."

ఆయన నూనె తొట్టి దగ్గరకు వెళ్ళి, ఒంగి, గంభీరంగా, "సున్‌రే, సేఠ్ ముప్ఫై అంటుండు. ఏమంటవ్?" అని చెవి పెట్టి విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు. "ఒప్పుకుంటలేదు సేఠ్. చాయ్ తాగుదాం పా."

కాగిందో లేదో చూడటానికి ఆయనకొక పద్ధతి ఉండేది. కుడి చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి ఎడమ అరచెయ్యి తొట్టి మీద ఆనించేవాడు. చెయ్యి ఒప్పుకున్నాకే చొక్కాజేబులోంచి పొడవాటి గాజు థర్మామీటరు తీసి నూనెలో ముంచేవాడు. అది గనుల నుంచి ఆయనతో వచ్చింది. దానికి ఇత్తడి గొట్టం, గొట్టానికి ఆయన భార్య కుట్టిన గుడ్డసంచి. వేడి, ఎడమ ముల్లు, కుడి ముల్లు, సెకన్లు అన్నీ ఒక చీటీ మీద రాసి కింద సంతకం పెట్టాలి. అక్కడితో అయిపోదు. చీటీ మీద సంతకం పెట్టినవాడు ఆ డంపర్‌లో డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని మొదటి మూడు ట్రిప్పులు తిరగాలి. గనుల్లో ఆయన ఉస్తాద్ పెట్టిన నియమమట. "పెన్నుతోని సంతకం సగమే, సేఠ్. సీట్ల కూసుంటేనే పూర్తయితది."

నా మొదటి సంతకం రోజు పక్కనే నిలబడి నన్ను సీటెక్కించాడు. ఆ మట్టిదారి ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ. కింద గొయ్యిలో ఆడా మగా సమ్మెటలతో రాళ్ళు కొడుతున్నారు. టిఫిను డబ్బాలు ఒక బండ నీడలో వరసగా ఉన్నాయి. నేను తిరిగొచ్చాక, "కిందికి చూసినవా?" అన్నాడు ఉస్తాద్. చూశానన్నాను. "ఆళ్ళు నీ సంతకం కింద పనిచేస్తున్నరు. గది యాదుంచుకో." ఆయన చెప్పినదాన్ని నేను రెండేళ్ళ పాటు అక్షరాలా గుర్తుంచుకున్నాను. మూడో ఏడు నాకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. నా ఈడు వాళ్ళందరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని సాయంత్రాలు అమీర్‌పేట మెట్ల మీద విదేశాల సంగతులు మాట్లాడుకుంటుంటే, నేను గోళ్ళలోని నూనె మరకలను నిమ్మచెక్కతో రుద్దుకుంటూ ఉండేవాణ్ణి. చివరికి ఒక సంస్థలో చేరాను. మొదటి క్లాసు సోమవారం పది గంటలకు. మొదటిరోజు ముందు వరసలో కూర్చున్నవాళ్ళకే మాస్టారు మొహం కనిపిస్తుందనీ, మిగతావాళ్ళకు ఫ్యానే కనిపిస్తుందనీ అందరూ చెప్పారు.

ఆ సోమవారమే ప్రసాదరావు గారు సెకండ్‌హ్యాండ్ డంపర్ ఒకటి మా షెడ్డు ముందు దింపారు. మర్నాటి కల్లా గొయ్యిలోని రాయంతా ఎత్తాలట. "ఏవయ్యా శ్రీనూ, తొమ్మిదిన్నరకల్లా బండి నాకు కావాలి. అవుతుందా, వేరేవాళ్ళను చూసుకోమంటావా?" అన్నారు. "తొమ్మిదింబావుకే ఇస్త సార్," అన్నాను. ఎదుటివాడు అడిగినదానికన్నా తగ్గించి చెప్పి బేరం గెలవడం నా జబ్బు. ఉస్తాద్ పొద్దున్నే, ఇంకో బండికి కావలసిన గొట్టం ముక్క ఒకటి చేయించుకు రావడానికి వెళ్ళాడు. పరీక్ష మొదలుపెట్టమని నాతో చెప్పాడు. డ్రైవర్ యాదగిరి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. పది నిమిషాలు అటూ ఇటూ తిప్పించి, గేజి తగిలించాను. ముల్లు తానుండాల్సిన ఎర్రగీత మీద బుద్ధిగా నిలబడింది. కుడివైపు కూడా అంతే. యాదగిరి కిందికి వంగి, "గంతేనా శ్రీనన్నా ఇయ్యాల?" అన్నాడు. "ముల్లు మంచిగనే ఉన్నది గదా. ఇంకేం కావాలె నీకు?" అన్నాను. చీటీ తీశాను. వేడి అని ఉన్న గడిలో, మా నాన్న నేర్పిన పద్ధతిలోనే, ఒక అంకె వేశాను. కింద సంతకం పెట్టాను.

అప్పుడే ఉస్తాద్ వచ్చాడు. గొట్టం ముక్క కింద పెట్టి చీటీ చూశాడు. నేను అప్పటికే చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని ఉన్నాను. "క్లాసుంది ఉస్తాద్. మొదటిరోజు. మూడు ట్రిప్పులంటే పదకొండయితది," అన్నాను. నసుగుతున్నట్టు నటించాను, నిజానికి సంకోచమేమీ లేదు. ఆయన ఎలా కరుగుతాడో నాకు తెలుసు.

"పో, పో. సదువుకునే పిల్లగానివి. నేను కూసుంట," అన్నాడు. తర్వాత తొట్టి దగ్గరకు నడిచి, "నూనె కాగిందా?" అని అడిగాడు.

"కాగింది."

ఆయన ఎడమ చెయ్యి అలవాటుగా తొట్టి మీదికి వెళ్ళింది. ఇంకా బెత్తెడు దూరం ఉందనగా ఆగింది. వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు చూసినవ్ గదా. సాలు," అన్నాడు. మూడేళ్ళలో ఆయన నా మాట మీద చెయ్యి వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి. అది నాకు దక్కిన పెద్ద గౌరవమని ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టింది ఒకటే, బేరం కుదిరిందని. అమీర్‌పేట వైపు దాదాపు పరుగెత్తాను. ముందు వరసలోనే చోటు దొరికింది.

క్లాసు అయ్యి మెట్లు దిగుతుంటే కింద యాదగిరి నిలబడి ఉన్నాడు. నుదుటికి కట్టు, చొక్కా మీద రాతిపొడి. రెండు ట్రిప్పులు బాగానే తిరిగాయట. మూడోది ఖాళీ చేసుకుని కిందికి దిగుతుండగా, వంపు దగ్గర స్టీరింగ్ తిప్పితే చక్రం తిరగలేదు. బ్రేకు తొక్కితే కంకర మీద బండి లోయ వైపు జారింది. కింద మనుషులున్నారు. ఉస్తాద్ అటు నుంచి ఒంగి, ఒంటిచేత్తో తానూ స్టీరింగ్ లాగుతూ, "గోడకు కొట్టు! నా దిక్కు కొట్టు!" అని అరిచాడట. ఇద్దరూ కలిసి లాగితే కొంత తిరిగింది. బండి ఎడమ పక్క రాతిగోడను రాసుకుంటూ ఆగింది. కింద ఎవరికీ ఏమీ కాలేదు. ఉస్తాద్ రెండో చెయ్యి కిటికీ అంచును పట్టుకుని ఉంది. అది తలుపుకూ రాతికీ మధ్య పడింది.

సోమాజిగూడలోని ఆసుపత్రిలో నర్సు ఆయన వస్తువులను నా చేతికిచ్చింది. కళ్ళజోడు, దువ్వెన, పాన్‌డబ్బా. వాటి కింద గుడ్డసంచి. లోపల థర్మామీటరు, పగుళ్ళు కూడా లేకుండా. పొద్దుట్నుంచీ అది ఆయన జేబులోనే ఉంది. ఆయన షెడ్డులో లేని వేళ, ఆయన జేబులోని గాజుకడ్డీతో నేను వేడి కొలిచానని చీటీ మీద రాసి ఉంది. ఆపరేషన్ అయ్యి ఆయన కళ్ళు తెరిస్తే మొదట ఈ సంచి చూస్తాడు. ఆ సంచిని నా ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం షెడ్డుకు వెళ్ళి బల్ల సొరుగులో పడేశాను, అది మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు. వరండాలో యాదగిరి నన్ను పక్కకు పిలిచి, "నేనైతే ఎవ్వరికి చెప్ప. నువ్వే చెప్పు అన్నా," అన్నాడు. "చెప్త," అన్నాను.

రెండోరోజు ప్రసాదరావు గారు పళ్ళతో వచ్చారు. నేను మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నాను. "ఏంటి మహబూబ్ గారూ ఇది? పరీక్ష చేసే పంపారు కదండీ? చీటీ మీద సంతకం శ్రీనుది ఉంది," అన్నారు. నేను పళ్ళ సంచి అందుకుని బల్ల మీద సర్దసాగాను. ఏ బేరంలోనూ ఆగని నోరు నాది.

ఉస్తాద్ నా వైపు చూడలేదు. "సంతకం పిల్లగానిది, సాబ్. సీట్ల కూసున్నది నేను," అన్నాడు. "పంపు అరిగింది. నేను చూసుకోలె. నాదే గల్తీ."

ప్రసాదరావు గారు ఆయన చేతి కట్టు వైపు చూసి, "వయసు కూడా అయిందిలెండి," అన్నారు. నేను తల ఊపాను. ఔనన్నట్టు ఊపాను. ఆ తల ఊపడం ఒక్కటి వెనక్కి తీసుకోగలిగితే మిగిలినవన్నీ మోస్తాననిపిస్తుంది. ఇదీ బేరమే, నాకు తెలుసు.

ఆ తర్వాత ఆ మాటే నలుగురి నోళ్ళలోనూ పడింది. మహబూబ్ భాయ్‌కి వయసయిపోయింది, చూపు ఆనడం లేదు, ఇక ఆ కుర్రాణ్ణే పిలవండి అని. పిలిచారు. నేను వెళ్ళాను. మూడు నెలల తర్వాత ఉస్తాద్ షెడ్డుకు వచ్చినప్పుడు ఎడమ చేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. అరచెయ్యి దేనిమీదా చదునుగా ఆనదు. ఆయన సొరుగు తెరిచాడు, దేనికోసమో. గుడ్డసంచి కనిపించింది. తీసి, ఒకసారి తిప్పి చూసి, "ఇది ఈడ్నే ఉన్నదా," అన్నాడు. ప్రశ్నలా అనలేదు. మళ్ళీ సొరుగులోనే పెట్టి, మెల్లగా మూసి, "నువ్వే వాడుకో సేఠ్. నాకు ముంచనీకి రెండో చెయ్యి లేదు," అన్నాడు. ఆ నెల చివరి నుంచి షెడ్డుకు రావడం మానేశాడు.

కంప్యూటర్ కోర్సు నేను పూర్తి చేయలేదు. ముందు వరసలో కూర్చున్నా మాస్టారి మొహం నాకు కనిపించలేదు. షెడ్డు మాత్రం పెరిగింది. పండుగలకు ఉస్తాద్ ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళేవాణ్ణి, గుమ్మంలోనే నిలబడి వచ్చేసేవాణ్ణి. చాలా ఏళ్ళకు, ఆయన మంచం పట్టాడని తెలిసి, ఒక మధ్యాహ్నం చెప్పేయాలని నిశ్చయించుకుని వెళ్ళాను. ఆయన భార్య, చాచీ, రెండు చాయ్‌లు పెట్టి లోపలికి వెళ్ళింది. ఆయన గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఉస్తాద్," అన్నాను, "ఆ దినం నూనె కొంచెం సల్లగుండె."

ఆయన గ్లాసు కిందికి దించాడు. "కొంచెమా?"

"కొంచెమే."

"చీటీల ఎంత రాసినవ్?"

ఇన్నేళ్ళూ ఆయన ఎదురుచూసింది ఆ ఒక్క అంకె కోసమేనని నాకు అప్పుడు అర్థమైంది. జవాబు నా నాలుక మీదే ఉంది. "యాదికి లేదు ఉస్తాద్," అన్నాను.

ఆయన నవ్వాడు, కోపం లేకుండా. "మీ నాయన దుకాణంల గుండీల రేట్లు సుత యాదికుంటయ్ నీకు." కాసేపు ముడుచుకున్న ఎడమచెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత, "చాయ్ తాగు సేఠ్. సల్లారుతది," అన్నాడు. తాగాను. అప్పటికే చల్లారిపోయింది. ఆ చలికాలం ఆయన పోయాడు.

క్షమాపణకు వెళ్ళి కూడా నేను తగ్గింపు అడిగి వచ్చాను. "కొంచెం" అనే మాట మా వీధిలో నేర్చినది, కొంచెం తగ్గించు, కొంచెం కలిపివ్వు అని. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే నాకు తొట్టి మీదికి వెళ్ళి ఆగిన చెయ్యి కనిపిస్తుంది. నా దగ్గర పనిచేసేవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు. ఈ వయసులోనూ నా సంతకం ఉన్న ప్రతి డంపర్‌లోనూ మూడు ట్రిప్పులు నేనే కూర్చుంటాను. నడుము నొప్పితో దిగుతాను. చీటీ రాసే ముందు ఎడమ అరచెయ్యి తొట్టి మీద పెట్టి, అది ఒప్పుకునేదాకా తీయను. గుడ్డసంచి నా చొక్కాజేబులోనే ఉంటుంది. ఎవరైనా నా మాట నమ్మి తమ చెయ్యి వెనక్కి తీసుకోబోతే, ఆ మణికట్టు పట్టుకుని నేనే తొట్టి మీద పెడతాను.

ఆ రోజు పార్కింగ్‌లో ఆ కారు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు నిలబడ్డాను. పైకి వెళ్ళే దారి ఇప్పుడు సిమెంటుది, అంచున పసుపు గీతలున్నాయి. వంపు మాత్రం అక్కడే ఉంది. మీరు అడిగిన అంకె అక్కడ నిలబడి నెమ్మదిగా చెప్పుకున్నాను, ఉస్తాద్. వినేవాళ్ళు లేనిచోట చెప్పడం కూడా తగ్గింపే కనుక, అందరూ చదివేచోట మళ్ళీ చెబుతున్నాను. అరవై రెండు అని రాశాను. అరవై అంటే నమ్మరని, అరవై రెండు. కొలవలేదు. కొలిచే గాజు మీ జేబులో ఉంది. తొట్టి మీద చెయ్యి కూడా పెట్టి చూడలేదు. మీరడిగితే కాగిందన్నాను.

నూనె కాగలేదు.